గలిజేరు కాయకు మూత ఉంటుంది

పూవు చూడకుండా మొక్క పేరు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇది వయసుతో వచ్చిన చిరాకు కాదు, మొదటి నుంచీ ఉన్నదే. కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరిన కొత్తలోనే స్టాఫ్ రూములో నాకు ‘పూవు మేడం’ అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. పెట్టినాయన కెమిస్ట్రీ చెప్పేవాడు. కాలేజీ గోడ పక్కన కొండవేప చెట్టు కింద రోజూ స్కూటర్ నిలిపి, దాన్ని వేప అనుకునేవాడు. ఒక ఉగాదికి దాని పూతే దూసుకుపోయి ఇంట్లో పచ్చడి చేయించాడు. వేప పూత తెల్లగా ఉంటుందని, ఇది ఊదా రంగులో ఉందని ఆ మహానుభావుడికి కనబడలేదు. పండగ తర్వాత నేను ఆ సంగతి చెబితే, "చేదుగానే ఉండింది కదా మేడం" అన్నాడు. అందరూ నవ్వారు, నన్ను చూసి.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. పిల్లల్ని ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి మొక్కలు చూపించడానికి తీసుకుపోతే ఒక్కరూ నడుం వంచరు. నిలబడిన చోటి నుంచే ఫోను కిందికి పట్టి, ఆకు ఫోటో తీసి, అది చెప్పిన పేరు రికార్డులో ఎక్కించేస్తారు. చేను గట్టున పంచెలకు గుచ్చుకునే ఉత్తరేణిని ఒక ఫోను ఏదో తోటల్లో పెంచే అలంకార మొక్క అంది. ఆ పిల్ల అదే రాసింది. "ఉత్తరేణి వినాయక చవితి పత్రిలో ఉండదా, మీ ఇంట్లో పూజ చేసుకోరా?" అని అడిగితే, "పత్రి బజారులో కట్టగా అమ్ముతారు కదా మేడం" అంది. ఆ కట్టలో ఏమేం కలిపి అమ్ముతారో నాకు తెలుసు కాబట్టి తర్వాతి మొక్క దగ్గరికి నడిచాను.

ఆకును నమ్మకూడదు. మా కడప జిల్లా ఎండకు ముడుచుకుని ఉన్న ఆకు, వాన పడ్డ వారానికి గుర్తుపట్టలేనంత వెడల్పవుతుంది. పూవు అట్లా కాదు. రేకులున్నాయా లేవా, కేసరాలు విడిగా ఉన్నాయా అతుక్కున్నాయా, అండాశయం పైన ఉందా కింద ఉందా, కాయ ఎట్లా పగులుతుంది, ఇవి వాన వచ్చినా రాకపోయినా మారవు. చూడడానికి కావలసింది ఒక లెన్సు, ఒక గుండుసూది, నేల మీద మోకాళ్లు ఆనించడానికి సిగ్గుపడని మనిషి. మొదటి రెండూ బజారులో దొరుకుతాయి. నేను రోడ్డు పక్కన అట్లా కూర్చున్నప్పుడు బండి ఆపి "చెవి కమ్మ పడిపాయనా మేడం?" అని అడిగినవాళ్లు ఎంతమందో. పూవు చూస్తున్నానంటే నమ్మరు. కమ్మే పోయిందని, చెప్పుకోడానికి మొహమాటపడుతున్నానని అనుకుని, కాసేపు వాళ్లూ మట్టిలో వెతికి పోతారు.

ఇంట్లోవాళ్లు అంతకంటే ఏమీ మెరుగు కాదు. మా తమ్ముడి పెళ్లిలో పీటల దగ్గర దర్భలు అందిస్తుంటే, ఒక పోచ తీసుకుని దాని కంకి విప్పి చూశాను. అది దర్భ కాదు, చెరువు పక్కన మొలిచే మామూలు గడ్డి. ఆ మాట పైకే అన్నాను. పురోహితుడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా అమ్మ నా మోచెయ్యి గిల్లి, "దర్భే అని చెప్పవే, నీకు దండం పెడతా" అని చెవిలో బతిమాలింది. నేను చెప్పలేదు. పెళ్లికూతురి చిన్నాన్న మోటారు సైకిల్ మీద పోయి అసలు దర్భ తెచ్చేదాకా అందరూ చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ముహూర్తం మించలేదు గానీ, మా మరదలు ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. పీటల మీద కూర్చున్న మా తమ్ముడు మాత్రం తల దించుకుని నవ్వాడు.

ఆ తమ్ముడిది వేంపల్లె. చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది, కాయల వ్యాపారమూ చేస్తాడు. ఎవరి తోటకైనా బేరానికి పోతే, ఒక కాయ కోసి అడ్డంగా చీల్చి, తోలు మందం వేలితో నొక్కి చూసి, రసం నాలుక మీద వేసుకుని గానీ ధర మాట్లాడడు. అంత జాగ్రత్త మనిషికి షుగరు వచ్చింది, దాన్ని లెక్క చేయలేదు. కాళ్లు వాచి చెప్పులు పట్టనప్పుడు కర్నూలుకు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నాడు ఆయన. మాత్రలు తప్పకుండా వేసుకుని, ఉప్పు తగ్గించి, సొంత వైద్యాలు మానుకుంటే ఇట్లాగే నెట్టుకురావచ్చు, లేకపోతే డయాలసిస్ తప్పదన్నాడు. మా ఊళ్లో డయాలసిస్‌ను ‘మిషను’ అంటారు. ‘మిషను మీద పెట్టినారు’ అంటే ఇంక ఆ మనిషి సంగతి గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ మాట విన్న రోజు మా తమ్ముడు బస్టాండు దాకా డాక్టరు చీటీ మడుస్తూ విప్పుతూ నడిచాడు.

అట్లా భయపడ్డ మనిషి కోసమే కాచుకుని ఉంటారు, ఫోన్లలో వైద్యం చెప్పేవాళ్లు. తెల్ల చొక్కా, వెనక ఒక పచ్చటి తెర, చేతిలో ఒక మొక్క. "తెల్ల గలిజేరు, కిడ్నీలకు సంజీవని" అంటాడు. దాని గింజ కిడ్నీ ఆకారంలో ఉంటుంది కాబట్టి అది కిడ్నీ కోసమే పుట్టిందట. చిక్కుడు గింజ కూడా ఆ ఆకారంలోనే ఉంటుంది, మరి దాని మీద వీడియో ఎందుకు చేయలేదో. ఎర్ర గలిజేరు మాత్రం తాగకండి, ప్రమాదం అని కూడా చెబుతాడు. ఆ ఒక్క హెచ్చరిక చాలు, జనానికి మిగతాదంతా నిజమని నమ్మకం కుదరడానికి. ఇంక ఊరూరా అందరి గొడవా అది మందా కాదా అని కాదు, కాడ తెలుపా ఎరుపా అని.

మా చిన్నప్పుడు గలిజేరు కలుపు. శనక్కాయ చేలలో నేలకు కరుచుకుని పాకేది. కలుపు తీసేటప్పుడు లేతవి ఏరుకొచ్చి అమ్మ పప్పులో వేసేది. దాని పూవు చూసినవాళ్లు మాత్రం తక్కువ. చూడాలంటే పొద్దున పూటే చూడాలి, ఎండెక్కితే మూసుకుంటుంది. ఆకు తొడిమ అడుగున చిన్న జేబులాగా వెడల్పయి కాడను పట్టుకుని ఉంటుంది. ఆ జేబులో ఒక్కటే పూవు, సగం మునిగి ఉంటుంది. రేకులు అసలు లేవు. రేకుల్లా కనబడేవి రక్షక పత్రాలు, లోపలి వైపు తెల్లగానో లేత గులాబీగానో ఉంటాయి. నడుమ కేసరాలు గుత్తిగా. అన్నిటికంటే ముచ్చటైనది కాయ. దానికి మూత ఉంటుంది. ముదిరిన కాయను సూదితో మీటితే కుంకుమ భరిణె మూతలాగా ఊడి వస్తుంది, కింద నల్లటి గింజలు.

కాడ పచ్చగా ఉంటే తెల్లది అంటారు, ఎర్రగా ఉంటే ఎర్రది అంటారు, రెండూ ఆ మొక్కే. ఒకే జాతిలో రెండు రంగులూ ఉంటాయి. ఇది చాలదన్నట్టు, అసలు సంబంధమే లేని అటికమామిడిని కూడా కొందరు ఎర్ర గలిజేరు అంటారు. దాని పూలు ఆకు సందులో దాక్కోవు, సన్నటి పొడుగాటి కాడల చివర గుంపులుగా వస్తాయి. కాయకు మూత లేదు, జిగురు ఉంటుంది. గట్టు మీద నడిచి వస్తే చీర అంచుకు అంటుకుని ఇంటికి వస్తుంది. రెండింటికీ పోలిక పెట్టాలంటే కళ్లు మూసుకోవాలి. మా జనం మూసుకునే పెట్టారు.

పోయిన వానాకాలం మా తమ్ముడు ఫోను చేసి, "అక్కా, తెల్ల గలిజేరు ఎట్లా గుర్తుపట్టల్ల?" అని అడిగాడు. ఇన్నేళ్లలో మా ఇంట్లోవాళ్లు నన్ను మొక్క గురించి అడిగింది అదే మొదలు. నేను పొంగిపోయాను. జేబులో పూవు, మూతున్న కాయ, అంటుకునే అటికమామిడి, అన్నీ విడమరిచి చెప్పాను. "ఇదంతా నాకు చాత కాదు గానీ, ఫోటో పంపిస్తా, చూసి చెప్పు" అన్నాడు. ఫోటోలో కాయ మూత ఊడదని కసిరి, ఆదివారం నేనే వస్తానన్నాను.

కర్నూలు నుంచి కడప, కడప నుంచి వేంపల్లె, రాత్రంతా బస్సుల్లో నడుం విరిగింది. ఇంటికి పోయేసరికి వసారాలో గోతాల మీద మొక్కలు కుప్పలుగా ఉన్నాయి. కొన్ని ఎండాయి, కొన్ని ఆ పొద్దే పెరికి నీళ్లు చల్లి పెట్టారు. పక్కన కొత్త కుండ, దానికి పసుపు బొట్లు. ఒక మొక్కకు పసుపు బొట్లు పెట్టేదాకా పోయిందంటే, ఇంక అక్కడ తెలివికి చోటు లేదని నాకు అర్థం కావలసింది. కిటికీలో ఎప్పుడూ ఉండే మాత్రల డబ్బా కనబడలేదు. ఎక్కడుందని అడిగాను.

"అటక మీద పెట్టేసినాం వదినా" అంది మరదలు. "ఇంగ వాటితో పనేముండాది? రేపు సోమవారం నుంచి కషాయం మొదలు పెడ్తాండాం. ఇంగ్లీషు మాత్రలు, ఇది రెండూ కలపగూడదంట."

"ఎవరు చెప్పినారు?"

"వీడియోలో."

నేను కూర్చున్న చోటి నుంచి లేచాను. ఆ మాత్రలు రాసినాయన ఎన్నేళ్లు చదివాడో, ఈ తెల్ల చొక్కా ఎంత చదివాడో అడిగాను. ఈ కిడ్నీలతో ఇట్లాంటి ఆకుల రసం కుండల కొద్దీ తాగకూడదని చెప్పాను. డాక్టరు చెప్పింది వినబడలేదా అన్నాను. మా తమ్ముడు మంచం మీద కూర్చుని, వాచిన కాలు మడవలేక చాపుకుని, అంతా విన్నాడు.

"అక్కా, నువ్వు చెట్ల టీచరువి. డాక్టరువి కాదు" అన్నాడు. "ఇది ఏం చెట్టో చెప్పు, చాలు. తెల్ల గలిజేరు అవునా కాదా? మిగతాది నేను జూసుకుంటా."

నేను బతుకంతా అందరికీ చెబుతూ వచ్చింది కూడా అదే కదా, నేను మొక్క పేరు చెబుతాను, మందులు చెప్పను అని. వాళ్లకు నా చదువు అక్కరలేదు, నా సలహా అక్కరలేదు. నా నోటి నుంచి ఒక పేరు కావాలి, అంతే. ఆ పేరు వస్తే మాత్రలు అటక మీదే ఉండిపోతాయి. మా వాళ్ల బుర్రల్లో పేరు సరిపోవడమూ రోగం కుదరడమూ ఒకటే. ఈ పొరపాటు మీద నాకున్న అసహ్యం ఇంతా అంతా కాదు, కానీ ఎదురుగా కూర్చున్నది నా తమ్ముడు.

సంచిలో నుంచి లెన్సు తీశాను. నీళ్లు చల్లిన మొక్కల్లో ఒకటి తీసుకుని, వసారా మెట్టు మీద వెలుతురులో కూర్చున్నాను. మరదలు పక్కన నిలబడింది, తమ్ముడు మంచం మీద నుంచి మెడ చాచాడు. తొడిమ మొదట్లో జేబు ఉంది. అందులో పూవు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. సూదితో విప్పాను. రేకులు లేవు. రక్షక పత్రాలు లోపల తెల్లగా ఉన్నాయి. కేసరాల గుత్తి. కింద ముదిరిన కాయ ఒకటి ఉంది, దాన్ని మీటాను. మూత ఊడి నా గోటి మీద పడింది. క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తే కూడా ఇంత సరిగ్గా కుదరదు. కాడ కూడా పచ్చగానే ఉంది. ఏ లెక్కన చూసినా అది వాళ్లడిగిన తెల్ల గలిజేరే.

"ఇది కాదు" అన్నాను.

"కాదా?" అంది మరదలు.

"తెల్ల గలిజేరు కాదు ఇది. అటికమామిడి జాతి. మీరు పెరుక్కొచ్చింది ఎర్రది. ఇది తాగితే ఉన్న కిడ్నీ కూడా పోతుంది."

"కాడ పచ్చగా ఉండాది కదా వదినా?"

"కాడ చూసి చెప్పేదానికి నేనేంటికి? పూవు చూసినా నేను."

"అట్లయితే తెల్లది యాడ దొరుకుతుంది?" అన్నాడు తమ్ముడు.

"ఈ పక్కన యాడా లేదు. ఉంటే ఇన్నేండ్లలో నాకు కనపడి ఉండదా?"

నేనా మాట అంటున్నప్పుడు వాళ్ల గోడ వెంబడి, నీళ్ల తొట్టి చుట్టూ, నా చెప్పుల పక్కన కూడా అదే మొక్క పాకి ఉంది. మరదలు నమ్మింది. పెళ్లిలో దర్భను గడ్డి అన్న ఆడబిడ్డ ఇప్పుడు ఊరికే అంటుందా? గోతాలు ఎత్తి దిబ్బలో పోసి వచ్చింది, చేతులు కడుక్కుంది, అటక మీద నుంచి డబ్బా దింపింది. తమ్ముడు నా చేతిలోని కాయ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను దాన్ని దులిపేశాను. భోజనం చేసి, ఉన్న బస్సు అందుకోవాలని హడావిడిగా బయలుదేరాను, లెన్సు మెట్టు మీదే మరిచిపోయాను.

బస్సులో నాకు ఏడుపు వచ్చింది, కోపంతో. ఆ తెల్ల చొక్కావాడు మొక్కను చేత్తో పట్టుకుని నోటికొచ్చింది చెప్పాడు. నేనూ మొక్కను చేత్తో పట్టుకుని నోటికొచ్చింది చెప్పాను. వాడు పూవు చూడలేదు, నేను చూసి కూడా చెప్పాను. వాళ్లు నమ్మడానికి నేను నిజం చెబితే పనికిరాకపోయింది, అబద్ధం చెబితే పనికొచ్చింది. ఇట్లాంటి జనానికి నేను ఇన్నేళ్లు ఏం పాఠం చెప్పినట్టు? పక్క సీటులో ఒకామె ఫోనులో ఎవరో కరక్కాయ గొప్పతనం చెబుతుంటే బిగ్గరగా వింటోంది. లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

తర్వాత కొన్ని నెలలు నేను ఫోను చేసినప్పుడల్లా మొదట మాత్రల సంగతే అడిగేదాన్ని. వేసుకుంటున్నానన్నాడు. ఉప్పు కూడా తగ్గించాడని, ఊరగాయ ముట్టడం లేదని మరదలు చెప్పింది. నా అబద్ధం అంత బాగా పనిచేసిందా అని నాకు లోపల గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు?

సంక్రాంతి వెళ్లాక పరీక్షలకు ఇద్దరూ కర్నూలు వచ్చారు. డాక్టరు కాగితాలు తిప్పి చూసి, పరిస్థితి ముదరలేదని, ఇట్లాగే మందులు వాడుతుంటే ఇప్పట్లో డయాలసిస్ మాట అక్కరలేదని చెప్పాడు. ఇంటికొచ్చి భోంచేశాం. మరదలు లోపల నడుం వాల్చింది. తమ్ముడు నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో నా లెన్సు.

"నీ అద్దం. ఆ పొద్దు మర్సిపోయినావు."

తీసుకుని, మురికి పట్టించాడని విసుక్కుంటూ తుడుస్తున్నాను.

"నువ్వు పోయిన మర్నాడు పొద్దున్నే గోడ పక్కన కూసోని జూసినా అక్కా" అన్నాడు. "నువ్వు ఫోనులో చెప్పినావు కదా, అట్లనే ఉండాది. జేబు ఉండాది, దాంట్లో పూవు ఉండాది. కాయ మూత ఊడొచ్చింది. చొక్కాకు రుద్దినా, అంటుకోలేదు."

అంటే మర్నాటి నుంచీ వీడికి తెలుసు. తెలిసీ ఇన్ని నెలలు నా దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. తప్పు దొరికినప్పుడు నేను సాధారణంగా ఎదుటివాళ్ల మీద పడతాను. అదే చేయబోయి, లెన్సు బల్ల మీద పెట్టేశాను.

"అట్లయితే మాత్రలు ఏంటికి మింగుతాండావు?" అన్నాను.

"నువ్వు చెట్టు పేరు తప్పు చెప్పే మనిషివా? నా పెండ్లిలో అమ్మ అంతగనం బతిమాలినా చెప్పలేదే" అన్నాడు. "అట్లాంటి దానివి, కాయ చేతిలో పెట్టుకోని, నా మొగం జూసి తప్పు చెప్పినావు. నా పని శానా చెడిపోయిందని ఆ పొద్దు తెల్సింది నాకు. డాక్టరు చెప్పినా గూడా నేను నమ్మలేదక్కా."

తర్వాత వాడు సంచిలోంచి మాత్రల డబ్బా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీళ్లు తీస్కరా, వేసుకోవల్ల" అన్నాడు.

లేచిపోయి తెచ్చాను.